కొండ ఎవరిది? గుంటుపల్లి నుంచి ద్వారకాతిరుమల దాకా

ఏలూరుకు దక్షిణాన కొల్లేరు, తూర్పున తాడేపల్లిగూడెం దాకా కాలువల కింది వరిపొలాలు, ఉత్తరాన ఎర్రనేల మెట్ట. మెట్టలోకి పోయేకొద్దీ కాలువలు ఆగిపోతవి, చెరువులూ తాటితోపులూ మొదలవుతవి. కామవరపుకోట ప్రాంతంలో చిన్న చిన్న కొండలు తల ఎత్తుతవి. ఇంకా పైకి, బుట్టాయగూడెం దాటితే అడవి. ఆ అడవికి అవతల గోదావరిని ఇరుకున బెట్టే పాపికొండలు. ఈ కొండలు ఎత్తులో హిమాలయంతో గాని సహ్యాద్రితో గాని పోల్చదగినవి కావు. అయినా రెండువేల ఏండ్లకు పైగా వీటి మీదికి జనం మొక్కులతో ఎక్కుతూనే ఉన్నారు. అలా ఎక్కినవారందరూ ఒకే దేవుణ్ణి కొలవలేదు. కొందరు కొలిచినది దేవుణ్ణే కాదు.

ఈ సుదీర్ఘ చరిత్రకు మనకు మిగిలిన సాక్ష్యం రెండు రకాలు. ఒకటి స్థలపురాణం, రెండవది శాసనం. స్థలపురాణం ప్రతి క్షేత్రం దగ్గరా చిన్న పుస్తకంగా దొరుకుతుంది. అది కృతయుగంలో మొదలై, ఒక మహర్షి తపస్సుతో నడిచి, స్వామి వెలయడంతో ముగుస్తుంది. అందులో సంవత్సరం ఉండదు, శిస్తు ఉండదు, రాయి మోసినవాడు ఉండడు. శాసనం దీనికి పూర్తిగా భిన్నమైనది. అది ఒక ఏలుబడిలో, ఒక మనిషి, ఒక వస్తువును, ఫలానావారికి ఇచ్చాడని చెబుతుంది. మొదటిది కొండను కాలం నుంచి విడదీస్తుంది, రెండవది తిరిగి కాలంలోకి దించుతుంది.

స్థలపురాణాన్ని ఎగతాళి చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అది కూడ ఒక చారిత్రక పత్రమే. ఐతే అది చెప్పే కాలానికి గాక, అది పుట్టిన కాలానికి సాక్ష్యం చెబుతుంది. శ్రీనాథుడు 15వ శతాబ్దిలో భీమేశ్వర పురాణం రచించి బెండపూడి అన్నయామాత్యునికి అంకితమిచ్చాడు. ద్రాక్షారామ మహత్తును కీర్తించే ఆ కావ్యం రాజమహేంద్రవరపు రెడ్డిరాజుల మంత్రి పేర వెలసింది. క్షేత్రమాహాత్మ్యం అంటే భక్తి ఒక్కటే కాదు, క్షేత్రానికి జనాన్ని రప్పించే సాధనం, పోషకుని కీర్తిని నిలిపే సాధనం కూడ. ఈ సంగతి సాహిత్య విద్యార్థులకు తెలియనిది కాదు. తెలిసిన సంగతిని క్షేత్రచరిత్రకు అన్వయించడమే మనం ఇంకా సరిగా చేయలేదు.

ప్రశ్న ఇది: ఒక కొండను పుణ్యస్థలంగా నిలబెట్టిన సంపద ఎక్కడి నుంచి వచ్చింది? ఆ సంపద దారి మారినప్పుడు కొండ మీది దైవం పేరు ఎట్లా మారింది? ఏలూరు మెట్టలో ఒక పూట బండి ప్రయాణంలో చేరుకోగల రెండు కొండలు, గుంటుపల్లి, ద్వారకాతిరుమల, ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగలవు.

మహానాగపర్వతం

గుంటుపల్లి గుహలు కామవరపుకోట మండలంలో, జీలకర్రగూడెం పక్కన కొండలో ఉన్నవి. ఇక్కడి భిక్షువులు ఈ కొండను మహానాగపర్వతం అన్నారు. క్రీస్తుపూర్వం రెండవ, మొదటి శతాబ్దాల నాటికే ఇక్కడ విహారాలు తొలిచారు. అన్నిటిలోకి ముఖ్యమైనది గుండ్రని చైత్యగృహం. దాని కప్పు లోపలి వైపు కట్టె వాసాలను పోలిన రాతి వాసాలు చెక్కి ఉన్నవి. అంటే తాటాకు కప్పిన గుండ్రటి గుడిసెను చూచి, దానిని రాతిలోకి దించిన పనివాళ్లు ఇక్కడ పని చేశారు. ఇటువంటి పూరిళ్లను డెల్టా పల్లెలలో మొన్నటి దాకా చూచినవారికి ఈ కప్పు కింద నిలబడితే పరాయితనం తోచదు. కొండ మీద ఇటుక చైత్యమూ, పదుల కొద్దీ మొక్కుబడి స్తూపాలూ ఉన్నవి.

ఇవన్నీ ఎవరు కట్టించారు? సాధారణంగా మన పాఠ్యపుస్తకాలు ఈ ప్రశ్నకు ఒక రాజు పేరుతో సమాధానం చెప్పి ముగిస్తవి. గుంటుపల్లిలో అది కుదరదు. ఇక్కడి మండపస్తంభాల మీది బ్రాహ్మీ శాసనం కళింగ మహిషకాధిపతి, మహామేఘవాహన వంశీయుడు సిరి సదుని పేరు చెబుతుంది. ఐతే మండపాన్ని దానం చేసినవాడు రాజు కాదు. రాజుగారి లేఖకుడు, చులగోముడనే వ్రాయసగాడు. 1968లో ఈ శాసనం ప్రకటింపబడినప్పుడు దానిని ఖారవేలునికి అంటగట్టారు. తరువాత దినేశ్ చంద్ర సర్కార్ పాఠాన్ని సరిచేసి, అది అదే వంశంలో తరువాతివాడైన సదునిదని చూపారు. పండితుల చూపు ఎంత సహజంగా గొప్ప చక్రవర్తి వైపు పోతుందో ఈ ఉదంతం తెలుపుతుంది. ఏ రాజైనా, దాత మాత్రం వ్రాయసగాడే గదా! ఆ సంగతి మొదటి పాఠంలోనూ ఉన్నది, రెండవ పాఠంలోనూ ఉన్నది. చర్చ మాత్రం రాజు చుట్టూనే తిరిగింది.

ఇక్కడే మరొక చిన్న శాసనం చైత్యానికి మెట్లు కట్టించి ఇచ్చిన దానాన్ని పేర్కొంటుంది. మహానాగపర్వతంలో ఉండే ఒక థేరుని శిష్యపరంపరకు చెందిన దానమది. మండపం ఒకరిది, మెట్లు ఒకరివి, చిన్న స్తూపాలు ఎందరివో. అమరావతి, భట్టిప్రోలు శాసనాలు చదివినవారికి ఈ పద్ధతి పరిచితమే. వర్తకులు, గృహపతులు, చేతిపనివారు, స్త్రీలు, భిక్షుణులు తలా ఒక పలకో, స్తంభమో ఇచ్చారు. కృష్ణా గోదావరుల మధ్య రోము నాణేలు దొరికిన కాలం అది. వేంగి నుంచి నలుదిక్కులకూ బయలుదేరే పాత బాటల వెంట బౌద్ధస్థలాలున్నవని జూవో దుబ్రాయి ఏనాడో చూపాడు. బాట మీద సరుకు నడిచినన్నాళ్లు బాట పక్కని కొండకు దానం నడిచింది. భిక్షువుకు విడిది, బిడారుకు నీడ, దాతకు పుణ్యం. ఈ మూడూ ఒకే కొండ మీద సమకూడినవి.

అంతమాత్రాన అది సమసమాజమని భ్రమపడరాదు. మండపం ఇవ్వగలిగిన వ్రాయసగాడు సంపన్నుడే. గుహ తొలిచిన రాతిపనివాడి పేరు అక్కడ కూడ లేదు. ఐనా దానం ఇచ్చినవాడి పేరు రాయి మీద నిలిచే హక్కు ఆ కాలంలో సింహాసనానికి మాత్రమే పరిమితం కాలేదు. మన ప్రాంతపు చరిత్రలో ఇది చిన్న విషయం కాదు.

దేవుని నాగలి

సముద్రవ్యాపారం సన్నగిల్లిన తరువాత పరిస్థితి మారింది. క్రీస్తుశకం నాలుగవ, అయిదవ శతాబ్దాలలో ఏలూరుకు ఉత్తరాన ఉన్న పెదవేగి, అనగా నాటి వేంగీపురం, శాలంకాయనులకు రాజధాని. వారు చిత్రరథస్వామి పాదభక్తులమని తమ శాసనాలలో చెప్పుకున్నారు. వారిలో రెండవ నందివర్మ పెదవేగి తామ్రశాసనం విష్ణుగృహస్వామి అనే దేవునికి 32 నివర్తనాల భూమిని ఇచ్చిన సంగతి తెలుపుతుంది. ఆ భూమిని దేవహలం అన్నారు. దేవుని నాగలి అన్నమాట.

ఈ ఒక్క మాట దగ్గర మనం ఆగవలసి ఉన్నది. గుంటుపల్లిలో దాత ఇచ్చినది రాయి, మండపం, మెట్టు. వేంగిలో దాత ఇచ్చినది నేల. రాయి ఇస్తే ఇచ్చినంతే. నేల ఇస్తే దానిని ఏటేటా ఎవరో దున్నాలి, నాటాలి, కోయాలి. నాగలి దేవునిదైనా మేడి పట్టిన చెయ్యి దేవునిది కాదు. అప్పటి నుంచి పుణ్యస్థలం బాట మీది సరుకును గాక పొలం మీది పంటను ఆధారం చేసుకున్నది. దానితో పాటే దేవాలయం ఒక భూస్వామి అయింది. దాని చుట్టూ అర్చకులు, అగ్రహారికులు, కరణాలు, కౌలుదార్లు, పాలేర్లు అనే అంతస్తులు ఏర్పడినవి.

మార్పు ఒక్క రోజులో జరగలేదు, కత్తితోనే జరిగిందనడానికీ వీలు లేదు. ఏడవ శతాబ్దిలో, వేంగిలో చాళుక్యులు స్థిరపడుతున్న రోజులలో, చీనాయాత్రికుడు యువాన్‌చ్వాంగ్ ఆంధ్రదేశం వచ్చాడు. రాజధానిని అతడు పేర్కొన్న తీరును బట్టి అది వేంగి అని చరిత్రకారులు గుర్తించారు. ఆ దేశంలో ఇరవై దాకా సంఘారామాలు, మూడువేల దాకా భిక్షువులు, ముప్పై దాకా దేవాలయాలు ఉన్నవని అతడు వ్రాశాడు. రాజధానికి అంత దూరం కాని ఒక ఒంటికొండ మీద రాతి స్తూపం ఉన్నదనీ, దిఙ్నాగుడు అక్కడ తన తర్కగ్రంథం రచించాడనీ చెప్పాడు. భిక్షువులూ దేవాలయాలూ ఒకే దేశంలో ఒకే కాలంలో ఉన్నవి. ఐతే ఒకదాని ఆదాయం తరుగుతున్నది, రెండవదాని ఆదాయం పెరుగుతున్నది. తరువాతి చాళుక్యుల కాలంలో ద్రాక్షారామ, సామర్లకోటల భీమేశ్వరాలయాలు లేచినవి. గుంటుపల్లి వంటి కొండలు క్రమంగా నిశ్శబ్దమైనవి.

ధర్మలింగేశ్వరుడు

నిశ్శబ్దమైనవి గాని నిర్జనం కాలేదు. గుండ్రని చైత్యగృహంలోని రాతి స్తూపాన్ని చుట్టుపక్కల జనం ధర్మలింగేశ్వరుడన్నారు. స్తూపం లింగమయింది. బుద్ధుని ధర్మమే శివుని పేరులో మిగిలిందేమో అనిపిస్తుంది. దీనికి రుజువు లేదు, కాని ఊహకు అవకాశమున్నది. రుజువున్న సంగతి మరొకటి: భిక్షువులు పోయిన తరువాత కూడ ఆ గుహలోకి దీపం పట్టుకొని పోయే మనుషులు పోతూనే ఉన్నారు.

ఇది మన ఒక్క ప్రాంతపు విశేషం కాదు. మహారాష్ట్రంలో జున్నరు దగ్గరి లేణ్యాద్రిలో బౌద్ధవిహారమే అష్టవినాయక క్షేత్రాలలో ఒకటయింది. కార్లే చైత్యం ముంగిట అమ్మవారు వెలసింది. దామోదర్ ధర్మానంద్ కోశాంబి 1962లో వెలువరించిన ‘మిథ్ అండ్ రియాలిటీ’లో ఇటువంటి స్థలాలను కాలినడకన తిరిగి పరిశీలించి, పాత బాటలకూ గుహలకూ గ్రామదేవతలకూ ఉన్న సంబంధాన్ని చూపాడు. పుణ్యస్థలం దైవం కన్న దీర్ఘాయువు గలది. దైవం మారుతుంది, స్థలం నిలుస్తుంది.

నేడు దేశంలో ప్రతి పాత కట్టడం కిందా ఇంకొక పాత కట్టడాన్ని వెతికి, మొదట ఇది ఎవరిది అని కొట్లాడుకునే ధోరణి ప్రబలింది. 1947 ఆగస్టు 15 నాటికి ఏ ప్రార్థనాస్థలం ఏ స్వభావంతో ఉన్నదో ఆ స్వభావాన్ని మార్చరాదని 1991లో పార్లమెంటు చట్టం చేసింది. అప్పటి బాబ్రీ మసీదు వివాదాన్ని మాత్రం దాని నుంచి మినహాయించింది. ఆ చట్టం తరువాత కూడ వివాదాలు ఆగలేదు. మొదటివాడిదే హక్కు అనే సూత్రాన్ని గుంటుపల్లికి అన్వయించి చూడండి. ధర్మలింగేశ్వరునికి దీపం పెట్టే పల్లె ఆడవాళ్లను బయటికి పంపాలి. పంపి ఎవరికి అప్పగించాలి? భిక్షువులకా? వారికి ముందు ఆ గుహ నీడన తల దాచుకున్న పశువుల కాపరికా? ఈ సూత్రానికి అంతు లేదు. దానిని పట్టుకున్నవారికి చరిత్ర మీద ఆసక్తీ లేదు. చరిత్రలో వారికి కావలసినది హక్కుపత్రం మాత్రమే.

అలాగని ‘అంతా కలిసిపోయింది, అంతా మంచికే’ అని సమన్వయగీతం పాడడం కూడ చరిత్ర కాదు. స్తూపం లింగమైనప్పుడు ఒక పేరు మిగిలి, ఒక జ్ఞాపకం పోయింది. చులగోముని సంగతి ఆ పల్లెలకు తెలియకుండా పోయింది. మెట్లు ఎవరిచ్చారో తెలియకుండా, శాసనం ఎదుటనే ఉండి కూడ, శతాబ్దాల పాటు జనం ఆ కొండ ఎక్కారు. శాసనాన్ని చదివి జనానికి తిరిగి ఇవ్వడం చదువుకున్నవారి బాధ్యత.

చిన్న తిరుపతి

ద్వారకాతిరుమల కొండ సర్పాకారంలో ఉన్నదనీ, పడగ మీద మల్లికార్జునుడూ తోక మీద వేంకటేశ్వరుడూ వెలసిరనీ స్థలపురాణం చెబుతుంది. ద్వారకుడనే ముని తపస్సు చేయగా స్వామి పుట్టలో వెలశాడు. స్వయంవ్యక్తమైన మూర్తి నడుము దాకానే కనిపిస్తుంది. వెనుకనున్న నిండుమూర్తిని రామానుజులు ప్రతిష్ఠించారని సంప్రదాయం. అందుచేత ఏటా కల్యాణాలు రెండు: వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో ఒకటి. మూలమూర్తికి అభిషేకం లేదు. నీటిబొట్టు పడితే పుట్టలోని చీమలు బయటికి వస్తవని విశ్వాసం.

ఈ కథలో చరిత్రకు పనికివచ్చే భాగం ఉన్నది, దానిని పారవేయరాదు. పుట్ట అనేది మెట్ట రైతుకూ పశువుల కాపరికీ పరిచయమైన దైవం. నాగులచవితినాడు పుట్టలో పాలు పోయని పల్లె ఈ సీమలో అరుదు. పుట్ట మీద నీరు పోస్తే మట్టి కరుగుతుంది. కాబట్టి అభిషేకం కూడదన్న నియమం ఆ పుట్ట నాటి జ్ఞాపకమని ఊహించవచ్చు. ముందు పుట్ట, దాని మీద వైష్ణవమూర్తి, దానికి వెనుక ఆచార్యుడు ప్రతిష్ఠించాడనే నిండుమూర్తి. ఒకే గర్భగుడిలో రెండు మూర్తులు, ఏటా రెండు కల్యాణాలు. ఆగమం జనదైవాన్ని కాదనలేకపోయింది, జనదైవం ఆగమాన్ని తప్పించుకోలేకపోయింది. ఆ రాజీకి గుర్తుగా రెండు పెండ్లిపందిళ్లు నేటికీ వేస్తున్నారు.

ఇక దృశ్యమైన ఆలయం సంగతి. విమానం, మండపం, గోపురం, ప్రాకారాలు మైలవరం జమీందారు ధర్మా అప్పారావు (1762-1827) కట్టించినవి. బంగారు నగలూ వెండి వాహనాలూ నూజివీడు రాణి చిన్నమ్మారావు (1877-1902) సమర్పించినవి. ఇద్దరి పేర్లూ ఆలయచరిత్రలో మొదటి పుటలోనే కనిపిస్తవి. జమీందారులు భక్తులు కారని అనవలసిన పని లేదు. భక్తులే కావచ్చు. కాని గోపురానికి పెట్టిన రూపాయి జమీందారు చేతికి ఎట్లా వచ్చింది? ఉత్తర సర్కారులలో 1802 నుంచి అమలైన పర్మనెంటు సెటిల్మెంటు జమీందారు కుంఫిణీకి కట్టవలసిన పేష్కషును ఒక మొత్తానికి ఖాయం చేసింది. రైతు జమీందారుకు కట్టవలసిన శిస్తును ఆ విధంగా ఖాయం చేయలేదు. ఆ రెంటి మధ్య తేడాలో జమీందారీ కోట లేచింది, గుర్రపుశాల లేచింది, గోపురమూ లేచింది. గుంటుపల్లిలో దాత పేరు రాతి మీద ఉన్నది. ఇక్కడ అసలు దాతలు, అనగా శిస్తు కట్టిన రైతులు, ఏ రాతి మీదా లేరు. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతురక్షణ యాత్ర సాగినప్పుడు జమీందారీల రద్దు నినాదం ఊరూరా వినిపించింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా ఆ నినాదం ఆగలేదు.

గోపురం జమీందారుదైతే తిరునాళ్లు ఎవరివి? ఇక్కడ ధవళేశ్వరం ఆనకట్ట ప్రసక్తి తప్పదు. 1847-1852 మధ్య ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్టతో ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం పల్లెలకు కాలువనీరు వచ్చింది. వరి పండింది, చేతిలో కాస్త డబ్బు ఆడింది. 1890ల్లో బెజవాడ నుంచి రాజమహేంద్రవరం వైపు రైలు పడింది, భీమడోలు స్టేషనయింది. డెల్టా రైతు భీమడోలులో దిగి బండి కట్టించుకొని కొండకు పోగలిగాడు. మెట్ట దేవుడు డెల్టా దేవుడయ్యాడు. కొల్లేటి లంకల నుంచి, కొల్లేటికోట పెద్దింట్లమ్మకు ఫాల్గుణంలో జాతర చేసే బెస్తలూ వడ్డెలూ కూడ తలనీలాలు ఇవ్వడానికి ఈ కొండకే వచ్చారు.

ఈ నేపథ్యంలో ఒక లోకోక్తిని చూడండి. పెద్ద తిరుపతికి మొక్కిన మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చు, కాని చిన్న తిరుపతి మొక్కు పెద్ద తిరుపతిలో చెల్లదు అంటారు. మొదటి సగం బీదవాని సౌకర్యం. ఏడుకొండల దాకా పోవడానికి సెలవూ ఖర్చూ లేని కూలివాడికి అది గొప్ప ఓదార్పు. రెండవ సగం స్థానికక్షేత్రపు ఆదాయరక్షణ. ఒకే వాక్యంలో జనం అవసరమూ సంస్థ అవసరమూ ఎంత పొందికగా ఇమిడినవో గమనించండి! స్థలపురాణాలను ఇట్లా చదవడం నేర్చుకుంటే అవి మనకు ఎన్నో సంగతులు చెబుతవి.

ఎవరికి తలుపు తెరిచింది?

కొండ ఎక్కిన అందరికీ గుడి తలుపు ఒకేసారి తెరుచుకోలేదు. 1939లో మద్రాసు ప్రభుత్వం ఆలయప్రవేశ చట్టం చేసింది. 1947లో మరింత విస్తృతమైన చట్టం వచ్చింది. రాజ్యాంగం 17వ అధికరణ 1950 నుంచి అస్పృశ్యతను నేరం చేసింది. లెక్క వేసి చూస్తే, గుడికి నేల దున్నిన మాలమాదిగలకు ఆ గుడిలో నిలబడే హక్కును చట్టం గుర్తించి నూరేండ్లు కాలేదు. శాలంకాయనుల దేవహలం నుంచి లెక్కిస్తే ఈ ఆలస్యం పదిహేను శతాబ్దాలకు తక్కువ కాదు. ఆ 1947లోనే దేవదాసీల సమర్పణను నిషేధిస్తూ మరొక చట్టం వచ్చింది. స్వామి కల్యాణానికి ఆడి పాడిన కళావంతుల కుటుంబాలకు ఆ చట్టం ఒక అవమానాన్ని తొలగించింది, దానితో పాటు మాన్యాల పొత్తులో చిక్కిన బ్రతుకునూ కదిలించింది. ఈ కుటుంబాల చరిత్ర మన జిల్లాలో ఇంకా వ్రాయవలసి ఉన్నది.

ఆలయ ఆదాయం మీద ప్రభుత్వం కన్ను పడడం కొత్త కాదు. కుంఫిణీ 1817లోనే ఏడవ రెగ్యులేషనుతో దేవాదాయాల పర్యవేక్షణ తీసుకున్నది. విగ్రహారాధనకు క్రైస్తవ ప్రభుత్వం అండ ఏమిటని మిషనరీలు గోల చేయగా 1840లలో చేయి వెనక్కు తీసుకున్నది. 1863 చట్టం ధర్మకర్తలకు పగ్గాలు వదిలింది. దేవుని సొమ్ము ధర్మకర్తల ఇంటి సొమ్మవుతున్నదన్న ఫిర్యాదులు పెరిగి, 1920లలో జస్టిస్ పార్టీ ప్రభుత్వం హిందూ దేవాదాయ చట్టం తెచ్చి బోర్డును ఏర్పరచింది. ఆంధ్రప్రదేశ్‌లో 1966 చట్టం, చల్లా కొండయ్య కమిషన్ తరువాత 1987 చట్టం వచ్చినవి. 1987 చట్టం అర్చకుల మిరాశీలను రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది.

గుళ్లను ప్రభుత్వం నుంచి విడిపించి భక్తులకు అప్పగించాలనే వాదం నేడు గట్టిగా వినిపిస్తున్నది. ప్రభుత్వ నిర్వహణలో లోపాలు లేవని ఎవరూ అనరు. దేవుని భూములు అన్యాక్రాంతమైనవి, చిన్న గుళ్ల అర్చకులు పస్తులున్నారు, ఇవి నిజాలు. కాని ‘భక్తులు’ అంటే ఎవరు? 1863 తరువాత పగ్గాలు అందుకున్నవారు కూడ భక్తుల పేరుతోనే అందుకున్నారు. తలనీలాలిచ్చే కొల్లేటి కూలివాడు, ఆ తలనీలాలు తీసే మంగలి, హుండీ ముందు ముడుపు విప్పే తాడేపల్లిగూడెం మిల్లు హమాలీ, వీరిలో ఎవరికి ధర్మకర్తల మండలిలో కుర్చీ ఉంటుందో చెప్పనంత వరకు ఆ వాదం సగం వాదమే. నేడు ద్వారకాతిరుమలను నడిపిస్తున్నది జమీందారు దానం కాదు, టిక్కెట్టూ హుండీ. అనగా రెండువేల ఏండ్ల తరువాత కొండ పోషణ తిరిగి చిన్నదాతల చేతికే వచ్చింది. ఐతే వారి పేరు చెక్కడానికి రాయి లేదు, లెక్క అడగడానికి నోరు లేదు.

మన కళ్లెదుట మారుతున్న కొండ

గుంటుపల్లిలో జరిగినది ఎప్పుడో జరిగిపోయిన సంగతి అనుకోరాదు. బుట్టాయగూడెం మండలపు అడవిలో గుబ్బల మంగమ్మ గుహ ఉన్నది. రాతి కప్పు నుంచి అమ్మవారి మీద నీళ్లు జాలువారుతుంటవి. అది కోయల కొండసీమ. నేడు ఆది, మంగళవారాలలో మైదానం నుంచి జీపులూ ట్రాక్టర్లూ బారులు తీరుతవి. వెదురు తోలుకొస్తున్న బండి వాగులో దిగబడితే అమ్మవారు కలలో కనబడి తన ఉనికి తెలిపిందని కథ చెప్పుకుంటారు. కథలోని బండి వెదురుబండి కావడం కాకతాళీయం కాదు. మైదానం ఈ అడవిలోకి మొదట వచ్చింది వెదురు కోసమే, మొక్కు కోసం తరువాత. కోయలకు ఏనాటి నుంచో తెలిసిన గుహ, మైదానంవానికి కలలో కనబడిన నాటి నుంచి ‘వెలసింది’ అనిపించుకున్నది.

స్థలపురాణం ఎట్లా పుడుతుందో చూడదలచినవారు తాళపత్రాలు తిరగవేయనక్కరలేదు, ఈ అడవికి పోతే చాలు. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ ఉత్సవానికి జలదుర్గాగోకర్ణేశ్వరుల కల్యాణం చేరినట్టే, ఈ అమ్మకు కూడ రేపు ఒక పురాణనామమూ ఒక గోత్రమూ దొరకవచ్చు. దానికంటె ముందు అడగవలసిన ప్రశ్న భూమిది. 1959 నాటి భూమి బదలాయింపు రెగ్యులేషనును 1970లో సవరించి, ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి చేరరాదని శాసించారు. ఐనా 1990లలో బుట్టాయగూడెం, జీలుగుమిల్లి మండలాలలో గిరిజనులు తమ పొలాల కోసం పోరాడవలసి వచ్చింది. దేవత పేరున వచ్చే బాట, దుకాణం, సత్రం, కౌలు, ఒకటి వెనుక ఒకటిగా వస్తవి. అమ్మవారిని గౌరవించడానికి అభ్యంతరమెవరికీ లేదు. అమ్మవారి కొండ మీద కోయవాని చేతిలో ఏమి మిగులుతుందన్నది ప్రశ్న.

చేయవలసిన పని

మన జిల్లాలో కళాశాలలు తక్కువ లేవు. ప్రతి తెలుగుశాఖా ఏటా విద్యార్థుల చేత ప్రబంధాలలోని వర్ణనల మీద వ్యాసాలు వ్రాయిస్తున్నది. ఒక్కొక్క విద్యార్థి తన ఊరికి దగ్గరి గుడిలో శాసనం ఉన్నదా, గుడిభూమి ఎంత, దానిని ఎవరు సాగు చేశారు, ఏ కులానికి ఏ సేవ ఉన్నది, ఏ సంవత్సరంలో ఎవరు తొలిసారి గర్భాలయం ఎదుట నిలబడ్డారు, అని ముసలివారిని అడిగి నాలుగు పుటలు వ్రాయగలడు. ఆ పుటలు పోగైతే అది జిల్లా చరిత్రకు మేలైన పునాది అవుతుంది. భావరాజు వేంకట కృష్ణారావు, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి పూర్వులు ప్రభుత్వసహాయం కోసం కాచుకొని కూర్చోలేదు. ఎడ్లబండి మీద పోయి శాసనాలకు నకళ్లు తీశారు. వారు ఎక్కువగా రాజవంశాల క్రమం నిర్ణయించడానికి ఆ శ్రమ పడ్డారు. వారు నిర్ణయించిన క్రమం మనకు ఉన్నది. ఇక దానిలోకి రైతునూ, రాతిపనివాణ్ణీ, మెట్లు ఇచ్చినవారినీ చేర్చడం మన తరం పని.

కొండ ఎవరిదన్న ప్రశ్నకు స్థలపురాణం దేవునిదని చెబుతుంది. మతతత్వవాది మొదట వచ్చినవారిదని చెబుతాడు. రికార్డు ఫలానా శాఖదని చెబుతుంది. శాసనాలను వరసగా పెట్టి చదివితే వేరే సమాధానం వస్తుంది. మహానాగపర్వతం మీద ఒక వ్రాయసగాడు, వేంగిలో ఒక నాగలి, ద్వారకాతిరుమలలో శిస్తు కట్టిన రైతు, మంగమ్మ గుహ దగ్గర కోయవాడు, ఎప్పటికప్పుడు కొండను మోసినవారు వీరే. వీరి వంతు చరిత్రను వ్రాసినప్పుడే ఈ కొండల చరిత్ర వ్రాసినట్టు.